పార్కులో వాగు కోత, కూలుతున్న నడకబాట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత ఈశాన్య రుతుపవనాల తరువాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. పార్కుల గుండా పారే చిన్న వాగులు ఒడ్డులను కోసుకుంటూ పోవడం, ఆ ఒడ్డుల మీద వేసిన నడకబాటలు ఏటా కొంత చొప్పున కూలిపోవడం వాటి సారాంశం. అందువల్ల ఈ సంచికలో చోటంతా దీనికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను క్లుప్తం చేసి, రాసినవారి పేర్లను, పార్కుల పేర్లను తీసివేశాము.

ప్రశ్న: మా పార్కు మధ్యగా ఒక చిన్న వాగు పోతుంది. పార్కు ఏర్పాటైన కొత్తలో పిల్లలు దిగి ఆడుకునేంత లోతు మాత్రమే ఉండేది. ఇప్పుడు రెండు వైపులా ఆరేడు అడుగుల నిలువు గట్లు తేలాయి. డిసెంబరు వానలకు వాకింగ్ ట్రాక్‌లో కొంత భాగం విరిగి వాగులో పడింది. రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టి, అడుగున కూడా కాంక్రీటు పోస్తే శాశ్వతంగా ఉంటుందని అంచనా తయారు చేశారు. మా వాకర్స్ సంఘం దీనికి ఒప్పుకోవచ్చునా? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: ఒప్పుకునే ముందు, నీరు లేని ఒక రోజున వాగులోకి దిగి, ట్రాక్ కూలిన చోటు నుంచి ఎగువకు నడుస్తూ వాగు గర్భాన్ని, అంటే అడుగు నేలను, పరిశీలించండి. అడుగో, అడుగున్నరో ఎత్తున నిలువుగా తెగిన మెట్టులాంటిది ఎక్కడైనా కనిపించవచ్చు. దాని కింద చిన్న గుంట, పైన పాత గర్భం ఉంటాయి. వరద వచ్చిన ప్రతిసారీ ఆ మెట్టు కింది మట్టి కొట్టుకుపోయి, పై అంచు విరిగిపడి, మెట్టు కొంచెం కొంచెంగా ఎగువకు జరుగుతుంది. అది దాటిపోయిన ప్రతి చోటా గర్భం అంత మేర లోతు పడుతుంది. చెట్ల వేళ్లు గట్టు నుంచి బయటికి వేలాడడం, ఒకప్పుడు నీటి మట్టానికి కలిసిన కాలువ గొట్టం ఇప్పుడు గాలిలో రెండడుగుల పైన ఆగిపోయి ఉండడం కూడా ఇదే విషయాన్ని చెబుతాయి. మీరు వర్ణించిన ఆరేడు అడుగుల నిలువు గట్లు పక్కకు జరిగిన కోత వల్ల మాత్రమే ఏర్పడవు. ముందు గర్భం దిగిపోయింది, దాని వల్ల గట్టు తన మట్టి బిగువు మోయగలిగిన ఎత్తును దాటింది, ఆ తరువాత కూలడం మొదలైంది.

చాలా చోట్ల గట్టు కూలేది వరద ఉధృతంగా ఉన్నప్పుడు కాదు, వరద తీసిన మరునాడు. నీరు నిండుగా ఉన్నంతసేపు ఆ నీటి ఒత్తిడే గట్టుకు ఆసరాగా ఉంటుంది. నీరు ఒక్కసారిగా తగ్గినప్పుడు ఆసరా పోతుంది, కాని గట్టు లోపలి మట్టి మాత్రం తడితో బరువెక్కి అలాగే ఉంటుంది. పాదం దగ్గర అప్పటికే కోత పడి ఉంటే ఆ బరువంతా కిందికి జారిపోతుంది. కాబట్టి వాన వెలిసిందని మరునాటి ఉదయమే ఒడ్డంచున నడవడం ప్రమాదకరమని మీ సంఘ సభ్యులకు ఇప్పుడే చెప్పండి.

గర్భం ఎందుకు దిగిపోయిందనేది అసలు ప్రశ్న. వాగుకు నీరందించే పరీవాహకం 100 ఎకరాలు, అంటే సుమారు 40 హెక్టార్లు అనుకుందాము. గంటకు 60 మిల్లీమీటర్ల చొప్పున వాన కురుస్తున్నప్పుడు, ఆ భూమి పొలాలు, బీళ్లుగా ఉండి పడిన నీటిలో 30 శాతం మాత్రమే పారితే వాగులోకి సెకనుకు 2 ఘనమీటర్ల నీరు వస్తుంది. అదే భూమిలో ఇళ్లు, సిమెంటు రోడ్లు, పక్కా డ్రెయిన్లు వచ్చి 70 శాతం నీరు పారితే సెకనుకు 4.7 ఘనమీటర్లకు చేరుతుంది. వాన మారలేదు, వాగు వెడల్పు మారలేదు, కాని అది మోయవలసిన నీరు రెండింతలు దాటింది. పైగా ఆ నీరు ముందటికంటే త్వరగా వస్తుంది. డ్రెయిన్ల నుంచి వస్తుంది కాబట్టి ఒండ్రు కూడా తక్కువగా తెస్తుంది. మోసుకుపోవడానికి మట్టి దొరకని నీరు తన గర్భాన్నే తవ్వుకుంటుంది. నెల్లూరు జిల్లాలో ఏడాదికి పడే దాదాపు 1,080 మిల్లీమీటర్ల వానలో సుమారు 60 శాతం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అదీ వాయుగుండాలు, తుపానులు వచ్చిన కొద్ది రోజుల్లోనే కుమ్మరిస్తుంది కనుక, ఈ తవ్వకం ఏడాది పొడవునా నెమ్మదిగా కాకుండా రెండు మూడు రాత్రులలో జరిగిపోతుంది.

ఇక కాంక్రీటు సంగతి. కాలువల్లో నీటి వేగాన్ని లెక్కగట్టే మానింగ్ సూత్రం ప్రకారం, వాలు, లోతు ఒకటే అయినప్పుడు నీటి వేగం గర్భం గరుకుదనానికి విలోమంగా ఉంటుంది. గడ్డి, రాళ్లు ఉన్న మట్టి వాగుకు ఆ గరుకుదనపు అంకె 0.035 నుంచి 0.05 వరకు తీసుకుంటారు. నున్నని కాంక్రీటుకు 0.015 లోపు. అంటే మీ పార్కులో నీటి వేగం రెండున్నర, మూడు రెట్లు పెరుగుతుంది. ఆ వేగంతో నీరు కాంక్రీటు ముగిసే చోట, బహుశా మీ పార్కు దిగువ ప్రహరీ దగ్గర, మళ్లీ మట్టి మీద పడుతుంది. అక్కడ పెద్ద మడుగు తవ్వి, కాంక్రీటు చివరి పలక కింది మట్టిని లాగివేసి, పలకను విరిచి, అక్కడి నుంచి పైకి వస్తుంది. మీ పార్కు సమస్య దిగువ కాలనీ సమస్యగా మారుతుంది, కొన్నేళ్లకు తిరిగి మీ దగ్గరికే వస్తుంది. అడుగున కాంక్రీటు లేకుండా పక్క గోడలు మాత్రమే కట్టినా, గర్భం ఇంకా దిగుతూ ఉంటే పునాది బయటపడి గోడ వాగులోకి ఒరుగుతుంది. గోడ వెనుక నీరు పోవడానికి రంధ్రాలు లేకపోతే అది ఇంకా ముందే జరుగుతుంది.

గోడ ఎక్కడా పనికిరాదని నా అభిప్రాయం కాదు. ఒడ్డుకు కొద్ది అడుగుల దూరంలోనే ఇల్లో, వంతెన ఆనకమో (వంతెన చివర ఆనే దిమ్మ), మురుగునీటి పైపులైనో ఉండి దానిని జరపడం సాధ్యం కాకపోతే, అంత మేరకు గోడ కట్టవలసిందే. ట్రాక్ అలాంటిది కాదు. ట్రాక్‌ను జరపవచ్చు; జరపాలి.

పని వరుస ఇలా ఉండాలని సూచిస్తాను. మొదట గర్భాన్ని నిలబెట్టాలి. ఇందుకు వాగుకు అడ్డంగా, వరదకు కదలనంత పెద్ద రాళ్లతో తక్కువ ఎత్తు అడ్డుకట్టలు వరుసగా వేస్తారు. దిగువ కట్ట పై మట్టం, దాని ఎగువ కట్ట పాదానికి సమానంగా ఉండేలా దూరం నిర్ణయించాలి. వాగు 100 మీటర్లకు 1 మీటరు చొప్పున దిగుతూ ఉంటే, 45 సెంటీమీటర్ల ఎత్తు కట్టలు 45 మీటర్లకు ఒకటి చొప్పున వస్తాయి. ప్రతి కట్ట నడిమి భాగం అంచుల కంటే తప్పనిసరిగా పల్లంగా ఉండాలి. లేకపోతే నీరు కట్టను చుట్టుకొని పక్క గట్టును తెంపుతుంది. కట్ట రెండు చివరలు గట్టు లోపలికి కనీసం అర మీటరు చొచ్చుకుపోవాలి, దిగువన నీరు దూకే చోట రాళ్ల పరుపు ఉండాలి. ఎత్తు పెంచితే తక్కువ కట్టలతో సరిపోతుంది కదా అనే ఆలోచన అంచనాలలో తరచు కనిపిస్తుంది. నీరు ఎంత ఎత్తు నుంచి దూకితే అంత లోతున తవ్వుతుంది కాబట్టి, రెండు ఎత్తైన కట్టల కంటే ఆరు పొట్టి కట్టలు మేలు.

గర్భం నిలిచిన తరువాతనే గట్టు పని. నిలువు గట్టును ప్రతి అడుగు ఎత్తుకు రెండడుగుల చొప్పున వెనక్కి వాలు చేయాలి. అంటే 7 అడుగుల గట్టు మీ వైపుకు 14 అడుగులు తింటుంది. సాధ్యమైన చోట వాలు మధ్యలో నాలుగైదు అడుగుల వెడల్పున ఒక చదును విడిస్తే పెద్ద వరద దాని మీద పరుచుకొని వేగం కోల్పోతుంది. వాలు అంచు నుంచి ఇంకో పది, పదిహేను అడుగులు చెట్లకు, గడ్డికి వదిలి, ఆ తరువాత ట్రాక్ వేయాలి. మొత్తం మీద ట్రాక్ ఇప్పుడున్న అంచు నుంచి పాతిక, ముప్పై అడుగులు లోపలికి రావాలి. నీళ్ల పక్కన నడిచే ఆనందం పోతుందని సభ్యులు అభ్యంతరం చెప్పవచ్చు. మలుపుల లోపలి వైపున, అంటే వాగు ఇసుక మేట వేసే వైపున, రెండు మూడు చోట్ల వాగు దాకా దిగే చిన్న దారులు ఇస్తే ఆ ముచ్చట తీరుతుంది. మలుపు బయటి వైపున మాత్రం ఏ కట్టడమూ పెట్టకండి, కోత పడేది అక్కడే.

పార్కు ఎగువ భాగంలో పల్లపు స్థలం ఉంటే, దానిని ఆటస్థలంగానే ఉంచి చుట్టూ రెండడుగుల కట్ట వేసి, డ్రెయిన్ నీరు ముందు అందులో నిలిచి చిన్న తూము ద్వారా నిదానంగా వాగులోకి పోయేలా చేయమని పురపాలక ఇంజనీర్లను కోరండి. ఏడాదిలో కొద్ది రోజులు అక్కడ ఆటలు ఆగుతాయి, కాని మిగతా పనులన్నింటి మీద భారం తగ్గుతుంది.

మీ సంఘం ఖర్చు లేకుండా చేయగలిగినది ఒకటుంది. గట్టు ముఖంలోకి మూడడుగుల ఇనుప కడ్డీలను అడ్డంగా కొట్టి, అంగుళం మాత్రమే బయటికి వదిలి, ప్రతి వరద తరువాత ఎంత బయటపడిందో కొలిచి పుస్తకంలో రాయండి. ఏ వంపు ఎంత వేగంగా తెగుతున్నదో ఒక వానాకాలంలో తెలుస్తుంది. ఆ అంకెలతో వెళ్లినప్పుడు అధికారులతో మాట సాగే తీరు వేరుగా ఉంటుంది.

ప్రశ్న: మాకు చీమకుర్తి క్వారీల రాయి దగ్గరలోనే దొరుకుతుంది. గట్టుకు రాతి పేర్పు చేయాలా, ఇనుప వలల పెట్టెల్లో రాళ్లు నింపే గేబియన్లు పెట్టాలా? రాయి ఎంత పెద్దది ఉండాలి? (వార్డు కమిటీ సభ్యురాలు, ఒంగోలు)

జవాబు: రాయి అంత దగ్గరలో ఉన్నవారు పెద్ద రాళ్ల పేర్పునే ఎంచుకోవడం మంచిది. చీమకుర్తి నల్లరాయి మామూలు గ్రానైట్ కంటే బరువైనది. గ్రానైట్ ఘనమీటరు సుమారు 2,650 కిలోలు తూగితే, ఇది 2,900 కిలోలు దాటుతుంది. నీటిలో మునిగిన రాయి తన పరిమాణమంత నీటి బరువును కోల్పోతుంది కనుక, ఈ తేడా ఒడ్డున కనిపించేదానికంటే నీటిలో ఎక్కువ మేలు చేస్తుంది.

రాయి పరిమాణాన్ని నీటి వేగం నిర్ణయిస్తుంది. సుడులు తిరుగుతూ పారే చోట వేగం సెకనుకు 2 మీటర్లయితే సగటున 15 నుంచి 20 సెంటీమీటర్ల రాయి నిలుస్తుంది. 3 మీటర్లయితే 35 నుంచి 40 సెంటీమీటర్ల రాయి కావాలి. మొదటిది ఆరేడు కిలోల రాయి, రెండవది 70 కిలోలకు పైబడినది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే కావలసిన బరువు పదకొండు రెట్లు పెరిగింది, ఎందుకంటే రాయి బరువు వేగం యొక్క ఆరవ ఘాతంతో పెరుగుతుంది. తట్టలతో మోయగలిగిన రాళ్లతో కట్టిన పేర్పులు మొదటి తుపానుకే దొర్లిపోవడానికి కారణం ఇదే. కూలీలు మోయగలిగిన రాయిని నీరు కూడా మోస్తుంది. ఈ పనికి పొక్లెయిన్ అవసరం.

అన్ని రాళ్లూ ఒకే సైజువి కాకుండా పెద్దవాటి మధ్య సందులను చిన్నవి నింపేలా కలిపి, సగటు రాయికి కనీసం ఒకటిన్నర, రెండింతల మందంలో పేర్చాలి. రాళ్ల కింద కంకర పొరగాని, వడపోత వస్త్రంగాని తప్పనిసరి. అది లేకపోతే గట్టు నుంచి ఊరే నీరు సన్నని మట్టిని సందుల గుండా లాగివేసి, పైకి చక్కగా కనిపించే పేర్పు వెనుక బోలు చేస్తుంది. అన్నింటికంటే ముఖ్యం పాదం: గట్టు అడుగున కందకం తవ్వి, వరదలో గర్భం ఎంత లోతు తెగవచ్చునో దానికంటే కిందికి పెద్ద రాళ్లు దించాలి. బిల్లులో పైకి కనిపించని భాగం కాబట్టి ఎక్కువగా ఎగ్గొట్టేది కూడా ఇదే. కందకం పూడ్చకముందే వెళ్లి టేపుతో కొలవండి, ఫోటో తీయండి.

గేబియన్ల సౌకర్యం ఏమిటంటే చిన్న రాళ్లతోనే పని జరుగుతుంది, నిటారుగా నిలుస్తాయి, చోటు తక్కువ తింటాయి. కాని వల తీగ తుప్పు పట్టిన రోజున పెట్టె విప్పుకుంటుంది. ఒంగోలు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి మామూలు జింకు పూత తీగ త్వరగా పాడవుతుంది కనుక, పెట్టక తప్పని చోట పీవీసీ తొడుగు ఉన్న తీగనే అడగండి. ఇంకొక మాట: పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఉచితంగా దొరికే పలచని పలక ముక్కలు గట్టుకు పనికిరావు, అవి ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. రాళ్లు కోసినప్పుడు వచ్చే తెల్లని బురదపొడిని పల్లం నింపడానికని వాగు పక్కన పోయనివ్వకండి; అది ఎండి గడ్డ కట్టి గడ్డిని మొలవనివ్వదు.

ప్రశ్న: గట్లను చెట్లతోనే కాపాడవచ్చునంటారు. ఏవి నాటాలి? మా వాగు రెండు వైపులా చిల్లకంప (సర్కారు తుమ్మ) దట్టంగా ఉంది, దానిని పెరికివేయాలా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి)

జవాబు: వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, ఆకులు, కాడలు నీటి వేగాన్ని ఒడ్డు దగ్గర తగ్గిస్తాయి, ఈ రెండు పనులకూ మొక్క అవసరమే. అయితే నిలువు గట్టును, తెగుతున్న పాదాన్ని మొక్కలు ఒంటరిగా ఆపలేవు. వాలు సరిచేసి, పాదానికి రాయి పెట్టిన తరువాత, ఆ రాయికి పైన మొక్కల పని మొదలవుతుంది.

నీటి అంచున తుంగ, రెల్లు వాటంతట అవే వస్తాయి. వాటిని పిచ్చిమొక్కలని ఏటా గీకివేయించకుండా ఉంటే చాలు. వాలు మీద వట్టివేరు వరుసలు నాటండి. పిలకకు పిలకకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో, గట్టుకు అడ్డంగా, ఒకే మట్టంలో నాటితే ఏడాదిలో అది కంచెలా కలిసిపోతుంది. దాని వేళ్లు రెండు మూడు మీటర్లు సూటిగా కిందికి దిగుతాయి, పక్కకు పాకి ఇతర మొక్కలను ఇబ్బంది పెట్టవు. వరుసల మధ్య కొబ్బరి పీచు వల పరిచి గరిక వేయిస్తే, వల కుళ్లిపోయే రెండు మూడేళ్లలోగా గరిక నేలను కప్పుతుంది. వాలు నడిమికి వావిలి మంచిది. కొమ్మలు నరికి గుచ్చినా వేరు పోసుకుంటుంది, మేకలు అంతగా ముట్టవు. కానుగ, నేరేడు, ఏరుమద్ది వంటి పెద్ద చెట్లను గట్టు అంచుకు కాకుండా కొంత వెనక్కి నాటండి. పెరిగిన చెట్టు బరువు, గాలికి దాని ఊపు నిటారైన గట్టుకు భారమవుతాయి.

చిల్లకంపను ఒక్కసారిగా యంత్రంతో పెరికించడం నేను ఒప్పుకోను. దాని నీడన గడ్డి పెరగదు, నేల బోసిగా ఉంటుంది, అది నిజమే. కాని ప్రస్తుతం మీ గట్టును పట్టి ఉంచినది ఆ వేళ్లే కావచ్చు. వేసవిలో వేరుతో పెకలించిన గట్టు నవంబరుకు వదులుమట్టిగా మిగులుతుంది. మొదటి ఏడాది మలుపుల లోపలి వైపున, తిన్నని చోట్ల మాత్రం మొదలుకు నరికి, ఆ ఖాళీలలో వట్టివేరు, వావిలి నిలదొక్కుకున్న తరువాత బయటి మలుపులకు వెళ్లండి. నరికిన మోళ్లు మళ్లీ చిగురిస్తాయి కాబట్టి రెండు మూడు నెలలకొకసారి చిగుళ్లు తుంచే ఏర్పాటు ఉండాలి. నరికిన కంపను కాల్చవద్దు, కింది జవాబులో దానికి పని ఉంది.

గేదెలు, మేకలు దిగే వాగైతే వాటికి ఒక చోట రాళ్లు పరిచిన దిగుడుదారి ఇవ్వండి. కంచె వేసి పూర్తిగా ఆపాలని చూస్తే కంచె తెగుతుంది, మొక్కలూ పోతాయి.

ప్రశ్న: మా ఊరి గుట్ట చుట్టూ అటవీ శాఖ వనం పెంచుతోంది. గుట్టపైకి వెళ్లే కాలిబాట వాన పడినప్పుడల్లా కాలువగా మారి, ఇప్పుడు మోకాలి లోతు గండిలా ఉంది. ఎర్రమట్టి ఎన్నిసార్లు పోసినా నిలవడం లేదు. (యువజన సంఘం, ఉదయగిరి ప్రాంతం)

జవాబు: మీ బాట నీరు దిగే దారినే పట్టుకొని సూటిగా పైకి పోతున్నది. అలాంటి బాట మీద ఎన్ని ట్రాక్టర్ల మట్టి పోసినా వాన దానిని కిందికి తెచ్చి మీ వాగులోనే వేస్తుంది. బాట మార్గాన్ని మార్చడం తప్ప వేరే దారి లేదు.

కొత్త బాటను గుట్ట వాలుకు అడ్డంగా, పక్కగా ఎక్కేలా గీయండి. ఇందుకు అనుభవంతో నిలిచిన ఒక లెక్క ఉంది: గుట్ట వాలులో సగానికి మించి బాట వాలు ఉండకూడదు. గుట్ట 100 మీటర్లకు 30 మీటర్లు ఎక్కుతుంటే, బాట ఎంత నిటారైన చోటా 15 మీటర్లు దాటకూడదు. మొత్తం మీద సగటు 10 మీటర్ల లోపే ఉండాలి. సగానికి మించితే నీరు బాటను దాటి కిందికి పోకుండా బాట వెంటే పరుగెత్తుతుంది. బాట తలం పల్లం వైపుకు నూటికి నాలుగైదు వంతులు ఒరిగి ఉండాలి, అంటే నాలుగడుగుల బాటకు రెండు, రెండున్నర అంగుళాలు. కాలక్రమంలో పాదాల ఒత్తిడికి నడిమి భాగం దిగి, పల్లం వైపు అంచున మట్టి గట్టు కడుతుంది. ఏడాదికొకసారి ఆ అంచును గీకి సమం చేయాలి.

ఇవి కాక, ఎక్కుతున్న బాటను అక్కడక్కడ కొద్ది మీటర్ల పాటు కిందికి దింపి మళ్లీ ఎక్కించండి. ఆ పల్లం దగ్గర నీరు పక్కకు జారిపోతుంది. వాలు ఎక్కువైన చోట 15, 20 మీటర్లకు ఒకటి, తక్కువైన చోట 30 మీటర్లకు ఒకటి ఉంటే సరిపోతుంది. బాటకు అడ్డంగా కర్రలు, రాళ్లు పాతి నీటిని మళ్లించే పాత పద్ధతి కంటే ఇది మేలు, ఎందుకంటే ఆ అడ్డుల వెనుక ఒకటి రెండు వానలకే మట్టి నిండి నీరు వాటి మీదుగా దూకుతుంది. ఎక్కడైనా చోటు లేక నిటారుగా ఎక్కక తప్పకపోతే రాతిమెట్లు కట్టి, పక్కన నీటికి వేరే దారి ఇవ్వండి.

పాత గండిని అలాగే వదలకూడదు. పది పదిహేను అడుగులకొకటి చొప్పున అడ్డంగా రాళ్లు పేర్చి, మధ్యలో కొమ్మలు, ఆకులు నింపితే మట్టి ఆగి గడ్డి వస్తుంది. పాత బాట మొదట్లో, చివర్లో, కొత్త బాట మలుపుల దగ్గర జనం అడ్డదారి తొక్కే చోట్ల చిల్లకంప పరచండి. బోర్డు పెట్టడం కంటే అది బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: పార్కులో వాగు దాటడానికి రెండు సిమెంటు గొట్టాలు పెట్టి, పైన మట్టి పోసి దారి వేశారు. ఏటా కొట్టుకుపోతోంది. (ఒక పాఠకురాలు, కనిగిరి)

జవాబు: మొదటి జవాబులోని లెక్కనే చూడండి; అక్కడ వాగులోకి సెకనుకు 2 నుంచి 4.7 ఘనమీటర్ల నీరు వచ్చింది. మీ గొట్టాలు 60 సెంటీమీటర్లవి అనుకుంటే, రెండింటి నోరు కలిపి సుమారు 0.57 చదరపు మీటర్లు. సెకనుకు రెండున్నర మీటర్ల వేగంతో పారినా వాటి గుండా 1.4 ఘనమీటర్ల నీరు మాత్రమే పోతుంది. కంప, ప్లాస్టిక్ సంచులు అడ్డుపడితే అదీ పోదు. మిగిలిన నీరు దారి మీదుగా పొర్లుతుంది, పొర్లిన చోట దిగువ వైపు అంచు ముందు తెగుతుంది, కోత అక్కడి నుంచి వెనక్కి వచ్చి దారిని తెంపుతుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, 16వ నెంబరు జాతీయ రహదారి తెగి, చెన్నై–విజయవాడ మార్గంలో రాకపోకలు నిలిచిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద కట్టలకే పొర్లిన నీరు ప్రమాదమైనప్పుడు పార్కులోని మట్టిదారి నిలుస్తుందని ఆశించలేము.

రెండు మార్గాలున్నాయి. నీరు పొర్లుతుందని ముందే ఒప్పుకొని, గర్భం మట్టానికి దగ్గరగా చప్టా కట్టి, దాని దిగువ అంచున లోతైన అడ్డుగోడ దించి, ఆపై రాళ్ల పరుపు వేయడం ఒకటి. వరద రోజుల్లో దాటకుండా గొలుసు కట్టాలి. రెండవది, రెండు గట్లకూ వెనుకగా ఆనకాలు పెట్టి వాగును మొత్తంగా దాటే సన్నని కాలివంతెన. ఖర్చు ఎక్కువ, కాని వాగు దానిని ముట్టదు. ఏదైనా సరే, మలుపులో కాకుండా వాగు తిన్నగా పారే చోట కట్టాలి.

ప్రశ్న: మా అమ్మ చక్రాల కుర్చీలో ఉంటారు. పార్కు బాట బాగుచేస్తున్నారు కదా, ఆమె తిరగడానికి ఏమి అడగాలి? (ఒక పాఠకురాలు, కందుకూరు)

జవాబు: మూడు అడగండి. బాట వాలు 20 అడుగులకు అడుగు కంటే ఎక్కువ ఉండకూడదు. కొద్ది దూరం తప్పనిసరైతే 12 అడుగులకు అడుగు వరకు పోవచ్చు, కాని అక్కడ పట్టుకోవడానికి కడ్డీ, ప్రతి 9 మీటర్లకు ఆగడానికి చదును ఉండాలి. వెడల్పు 1.8 మీటర్లు ఉంటే రెండు కుర్చీలు ఎదురుపడినా ఇబ్బంది ఉండదు. ఉపరితలం గట్టిగా, చదునుగా ఉండాలి. వాగు దగ్గరి భాగాలలో ఇంటర్‌లాకింగ్ టైల్స్ వద్దనండి; కింది ఇసుకను నీరు లాగివేసినప్పుడు అవి ఎగుడుదిగుడుగా కుంగి, ముందు చక్రాలను పట్టుకుంటాయి. గ్రావెల్ పొర మీద క్రషర్ డస్ట్ పోసి, తడిపి, రోలరుతో బాగా తొక్కించి, నూటికి రెండు వంతుల పక్కవాలు ఇస్తే కుర్చీకి అనువుగా ఉంటుంది, పాడైన చోట మళ్లీ పోసుకోవడం కూడా తేలిక.

ప్రశ్న: మా కమిటీ సొంతంగా కొంత పని చేద్దామనుకుంటోంది. ఎవరి అనుమతి కావాలి? ఏ నెలలో మొదలుపెట్టాలి? (పార్కు కమిటీ, పొదిలి)

జవాబు: పార్కు స్థానిక సంస్థదే అయినా వాగు పోరంబోకు ప్రభుత్వ భూమి. గర్భంలో రాయి వేయడానికి, గట్టు చెక్కడానికి స్థానిక సంస్థ ద్వారా జలవనరుల శాఖ ఇంజనీర్ల సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి. చెట్లు నరకడానికి, వాగులో ఇసుక తీయడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వర్తిస్తుంది. మేట వేసిన ఇసుకను బాటకు వాడుకుందామని తీయకండి, దిగువన కోత పెరుగుతుంది. బాట వాలు సరిచేయడం, మొక్కలు నాటడం, కడ్డీలతో కొలతలు తీయడం మీరు సొంతంగా చేయదగిన పనులు.

కాలం విషయంలో, రాతిపని, మట్టిపని ఫిబ్రవరిలో మొదలై జూన్ లోపు ముగియాలి. ప్రకాశంలో ఏటా పడే దాదాపు 870 మిల్లీమీటర్ల వాన నైరుతి, ఈశాన్య కాలాలకు ఇంచుమించు సమానంగా పంచుకుంటుంది కాబట్టి మీరు జూలై జల్లులకే వట్టివేరు నాటవచ్చు. నెల్లూరు వైపువారు ఆగస్టు, సెప్టెంబరులలో నాటి, అక్టోబరు వరకు చేతితో నీళ్లు పోసుకోవాలి. అనుమతి ఆలస్యమై పని ఆగస్టు దాటేలా ఉంటే గట్టును తవ్వి వదలవద్దు. ఆ ఏటికి ట్రాక్‌ను వెనక్కి జరిపి, తెగిన అంచున తాడు కట్టి, ఫిబ్రవరి దాకా ఆగండి.